నిలిచిన నెత్తురు

మంచిర్యాల చుట్టును మందమర్రి, రామకృష్ణాపురము, శ్రీరాంపూరు బొగ్గు గనులు గలవు. గనిలో వంగి పనిచేసినవానికిని, పొలములో నాట్లు వేసిన స్త్రీకిని వయసు మీరిన పిదప మోకాళ్లు పట్టు తప్పుట ఈ సీమలో వింత గాదు. అరిగిన కీలును తీసి కృత్రిమమైన కీలు నమర్చుట నేడు సామాన్య చికిత్స. కాని దానివెనుక పొంచియుండు నెత్తురుగడ్డను గూర్చి మన యిండ్లలో తెలిసినది తక్కువ.

మనము నడచునపుడు పిక్క కండలు బిగిసి సడలుచు సిరలలోని నెత్తురును పైకి నెట్టును. కాలు కదలనిచో ఆ ప్రవాహము మందగించును. ఊపిరితిత్తులలో కనబడు గడ్డలు పెక్కుసార్లు అచ్చట పుట్టినవి గావనియు, కాలి సిరలవంటి దూరపు తావులనుండి కొట్టుకొని వచ్చినవనియు జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1840 దశకమున నిరూపించెను. నెత్తురు నడక మందగించుట, నాళమునకు దెబ్బ తగులుట, నెత్తురు గడ్డకట్టు గుణము హెచ్చుట, ఈ మూడును గడ్డకు మూలములు. కీళ్ల శస్త్రచికిత్సలో మూడును ఒక్కసారిగ కూడును.

కారణము తెలిసినను మందు దొరకుటకు చాలకాలము పట్టెను. 1916లో అమెరికాలో జే మెక్లీన్ అను వైద్య విద్యార్థి పరిశోధనలనుండి హెపారిన్ వెలుగు చూచెను. చెడిన గడ్డి మేసిన పశువులు నెత్తురు కారి చచ్చుటకు కారణము వెదకిన కార్ల్ లింక్ పరిశోధనశాలనుండి వార్ఫరిన్ వచ్చెను. అది 1948లో ఎలుకల మందు. 1954 నాటికి మనుష్యుల మందు. 1959లో బర్మింగ్‌హాములో తుంటి విరిగిన 300 మంది వృద్ధులలో సగము మందికి నెత్తురు గడ్డకట్టనీయని మాత్ర లీయగా, వారిలో గడ్డలు మిక్కిలి తగ్గెను.

1962లో ఇంగ్లండున జాన్ చార్న్లీ, లోహముతోడను గట్టి ప్లాస్టిక్కుతోడను చేసిన తుంటికీలు నమర్చి కొత్త యుగమునకు నాంది పలికెను. కుంటివారు నడచిరి. కాని పాత శత్రువు వెన్నంటి వచ్చెను. నివారణ లేనిచో ఇట్టి రోగులలో ఇంచుమించు సగము మందికి కాలి సిరలలో గడ్డలు కట్టునని పరీక్షలు తెలిపినవి. వానిలో పెక్కు నొప్పి గాని వాపు గాని చూపవు. తెగి ఊపిరితిత్తులకు చేరిన గడ్డ ప్రాణము తీయవచ్చును.

భారతదేశమున పుట్టి లండనులో పనిచేసిన విజయ్ కక్కర్ నాయకత్వమున, పెద్ద శస్త్రచికిత్సలు పొందిన 4,000 మందికి పైగా రోగులపై జరిగిన పరిశోధన 1975లో వెలువడెను. స్వల్ప మోతాదు హెపారిన్ పొందినవారిలో ఇద్దరును, పొందనివారిలో 16 మందియు ఊపిరితిత్తుల గడ్డచే మరణించిరి. తుంటి, మోకాళ్ల చికిత్సలకు అది చాలనందున 1980 దశకమున మెరుగైన హెపారిన్ రకములును, 2008 నుండి కొత్త మాత్రలును వచ్చినవి.

అయినను ఇది పాశ్చాత్యుల వ్యాధి, మనవారికి అరుదు అను నమ్మకము మన వైద్యులలో సైతము చాలకాలము నిలిచెను. వెదకి చూచిన పిమ్మట అది సరికాదని తేలినది. హైదరాబాదు పంజగుట్టలో 1960 దశకమున ఎముకల ఆసుపత్రిగ మొదలైన సంస్థయే నేటి నిమ్స్. అట్టి చోట్లకు రైలెక్కి పోయి చికిత్స పొంది, గంటల తరబడి కూర్చుండి ఇల్లు చేరు మంచిర్యాల రోగికి గండము ఆసుపత్రి గుమ్మముతో తీరదు. చికిత్స జరిగిన కొన్ని వారముల వరకును గడ్డ కట్టవచ్చును.

కనుక శ్రోతలు గుర్తుంచుకొనవలసినది ఇది. “పాపము, పెద్దప్రాణము, కదలనీయకుడు” అనుట ప్రేమయే గాని మేలు గాదు. డాక్టరు చెప్పినంత నడిపింపవలెను. ఆయన చెప్పనిదే మాత్రలు మానరాదు. నెత్తురు కారినచో వెంటనే తెలుపవలెను. పిక్క వాచి నొప్పి పుట్టినను, హఠాత్తుగ ఆయాసము గాని రొమ్మునొప్పి గాని వచ్చినను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి చేర్పవలెను. నూరేండ్లకు పైగా శాస్త్రజ్ఞులు పడిన శ్రమకు ఫలము మన యింటి మంచము దగ్గర మెలకువగ నున్నప్పుడే దక్కును.