యాక్షన్ రోల్‌ప్లేయింగ్ గేముల్లో ఆట వేగం

యాక్షన్ రోల్‌ప్లేయింగ్ వీడియో గేముల్లో పోరాటం నిదానంగా సాగాలా, చురుగ్గా సాగాలా అన్నది నిర్ణయించే రూపకల్పన అంశమే ఆట వేగం. కదలికల నిడివి, శత్రువుల సంఖ్య, స్టామినా (పాత్ర దమ్ము) ఖర్చు దీన్ని నిర్దేశిస్తాయి.

‘డయాబ్లో’ (1996) నేలమాళిగల్లో కథానాయకుడు నడవగలడే తప్ప పరుగెత్తలేడు. ‘డయాబ్లో 2’ (2000) పరుగును చేర్చి ఆటను చురుకు చేసింది.

జపాన్ సంస్థ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ రూపొందించిన ‘డార్క్ సోల్స్’ (2011) నిదాన శైలికి ప్రసిద్ధ ఉదాహరణ. కత్తి ఝళిపించినా, పక్కకు తప్పుకున్నా, డాలుతో దెబ్బ కాచుకున్నా స్టామినా తరుగుతుంది. అందుకే శత్రువు కదలికను గమనించి, అదను చూసి కొట్టాలి. ఆ గేమ్ దర్శకుడు హిదెతాకా మియాజాకి ‘బ్లడ్‌బోర్న్’ (2015)లో డాలు ప్రాధాన్యాన్ని బాగా తగ్గించారు. దెబ్బ తిన్న వెంటనే ఎదురుదాడి చేస్తే పోయిన ప్రాణశక్తిలో కొంత తిరిగి వస్తుంది. వెనుకంజ వేయడం కంటే ముందుకు దూకడమే లాభం.

నిదానం ప్రతి నిర్ణయానికీ విలువ పెంచుతుంది; వేగం ఆటగాడి స్పందనకు పదును పెడుతుంది.