మహేంద్రగిరి మీద పొద్దు పోయాక

హైదరాబాదులో డిసెంబరు మొదటివారంలో సూర్యుడు 5:40కి అస్తమిస్తాడు. ఆఫీసు కిటికీలోంచి ఏళ్ళ తరబడి చూసిన లెక్క అది. మహేంద్రగిరి హైదరాబాదుకి తూర్పున దాదాపు 6 డిగ్రీల దూరంలో ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున పొద్దు అక్కడ 24 నిమిషాలు ముందే పోతుంది. టైమ్‌జోన్లు సరిచేసే కోడు రాసి జీతం తీసుకునేవాణ్ణి, ఈ గుణకారం బయల్దేరేముందు చెయ్యాలని తోచలేదు. కొండ మీద, చీకట్లో, రాయి మీద కూర్చుని చేశాను.

పైగా మేం దిగుతున్నది తూర్పు వాలు. సూర్యుడు కొండ వెనక్కి పోవడంతోనే మా వైపు నీడ కమ్మేసింది. 5 కొట్టకముందే చెట్ల కింద మొహాలు కనబడలేదు.

మేం అంటే నేనూ, పలాసలో ఉండే మా బావా. పర్లాకిమిడి వైపు నుంచి దాదాపు శిఖరం దాకా రోడ్డుంది. జీపులో వెళ్ళి గుళ్ళు చూసి, జీపులోనే తిరిగి రావచ్చు, బుద్ధున్నవాళ్ళు అలాగే చేస్తారు. నాకు మాత్రం మందస వైపు నడిచి దిగాలనిపించింది. మ్యాపు మీద గీత గీస్తే సుమారు 15 కిలోమీటర్లు. ‘దిగడమే కదా’ అనుకున్నాం. మధ్యాహ్నం 2 దాటాక జీపుని పంపించేశాం. మా దగ్గరున్నవి ఒక సీసా నీళ్ళు, రెండు పొట్లాల మందస కోవా, రెండు ఫోన్లు. టార్చి లేదు.

ఈ తెలివితక్కువకి కారణం ఒక రాగిరేకు.

చోడగంగ అనంతవర్మ 12వ శతాబ్దపు శాసనాల్లో గంగవంశం కళింగానికి ఎలా వచ్చిందో ఒక కథ ఉంటుంది. కామార్ణవుడనే రాజు తన రాజ్యాన్ని పినతండ్రికి ఇచ్చేసి, నలుగురు తమ్ముళ్ళని వెంటబెట్టుకుని బయల్దేరతాడు. మహేంద్రగిరి ఎక్కి గోకర్ణస్వామిని కొలుస్తాడు. వృషభ లాంఛనమూ మిగతా రాజచిహ్నాలూ పొందుతాడు. తర్వాత కొండ దిగి, అక్కడి రాజుని ఓడించి కళింగాన్ని తీసుకుంటాడు. కళింగం సముద్రం వైపే ఉంది కాబట్టి అతను తూర్పుకే దిగి ఉంటాడని, మేమూ అలాగే దిగాలని నా తీర్మానం. కథని చరిత్రగా నమ్మి కాదు, సరదాకి.

శాసనంలో ఆ దిగడం ఎంతసేపు? ఒక్క మాట. పైన రాజచిహ్నాలు, కింద యుద్ధం, రెండిటికీ మధ్య ఒక్క ‘దిగి’. 1501 మీటర్ల కొండ అది. దిగేటప్పుడు మోకాళ్ళు వణుకుతుంటే, ఆ ‘దిగి’ రాసిన కవి ఎప్పుడైనా ఈ కొండ దిగాడా అని అనుమానం వచ్చింది.

కాళిదాసుదీ ఇదే వరస. రఘువంశం నాలుగో సర్గలో రఘువు కళింగం మీదికి వచ్చినప్పుడు సైనికులు మహేంద్రగిరి మీద తమలపాకుల దొన్నెల్లో కొబ్బరికల్లు తాగుతారు. ఇది చదివినప్పుడల్లా ఉద్దానం కొబ్బరితోటలు గుర్తొచ్చి ముచ్చటేసేది. కానీ అదే సర్గలో, ఇంకొన్ని శ్లోకాల తర్వాత, సేన హిమాలయం చేరినప్పుడు అక్కడి ఓషధులు రాత్రిపూట వాటంతటవే వెలిగి నూనె లేని దీపాలవుతాయి. చీకటి సమస్య ఆయన ఎరగనిది కాదన్నమాట. దీపాలన్నీ హిమాలయానికిచ్చి, మన కొండకి కల్లు ఒక్కటే ఇచ్చాడు.

ఇక రాజేంద్ర చోళుడు. 11వ శతాబ్దంలో అతని పేరున పైనున్న గుడిలో సంస్కృతంలోనూ తమిళంలోనూ శాసనం చెక్కించారు. విమలాదిత్యుణ్ణి గెలిచిన సంగతీ, జయస్తంభం సంగతీ అందులో ఉన్నాయి. పక్కన పులి, రెండు చేపల బొమ్మలు కూడా చెక్కారు. ఎక్కిన ప్రతివాడూ పైన ఒక గుర్తు వదిలాడు. పాండవులకీ కుంతికీ అక్కడ పేర్లున్న గుళ్ళున్నాయి. పరశురాముడు ఇప్పటికీ తపస్సులోనే ఉన్నాడంటారు. శిఖరం నిండా పేర్లే. వాలులో ఒక్క పేరూ లేదు.

చీకటి పడ్డాక బావ అన్నాడు, “ఒరే, గెడ్డ పట్టుకుని దిగిపోదాం, ఎక్కడో ఊరొస్తాది.” వినడానికి బాగానే ఉంది. నాకు గుర్తొచ్చి భయమేసిందేమిటంటే, ఈ కొండ నుంచి మహేంద్రతనయ పేరుతో రెండు ఏళ్ళు పుడతాయి. ఒకటి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండోది పర్లాకిమిడి మీదుగా పోయి వంశధారలో కలుస్తుంది. పేరు ఒకటే, దిక్కులు వేరు. కింద నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది కానీ ఏ తనయదో తెలీదు. ఫోన్లో సిగ్నల్ లేదు, మ్యాపులో మా నీలం చుక్క పచ్చటి ఖాళీలో తేలుతోంది. నా ఫోన్లో చార్జింగు 9 శాతం ఉంది.

అప్పుడు పక్కనున్న పోడు చేను వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. సవర. చేతిలో కత్తి ఉంది, దీపం లేదు.

“ఎవులు బావూ మీరు? ఈయేలప్పుడు ఈ దారెందుకొచ్చారు?”

చెప్పాం. కామార్ణవుడి సంగతి చెప్పలేదు.

“ఆ లైటార్పీయండి. దాంతోటి కాళ్ళకాడే అగుపిస్తాది, దారగుపించదు.”

ఆర్పేశాం. కాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత నెమ్మదిగా, నల్లటి నేల మీద కొంచెం తక్కువ నలుపుగా ఒక గీత తేలింది. అదే దారి. గెడ్డ పట్టుకుని దిగుదామనుకున్నామని బావ చెప్తే నవ్వాడు. “గెడ్డకి కాళ్ళక్కర్లేదు బావూ. ఎక్కడికక్కడ దూకుతాది. మీరూ దూకుతారా?” గెడ్డని ఎడంగా వదిలేసి, గట్టు మీదుగా తీసుకుపోయాడు. రాయి అడ్డొచ్చిన చోటల్లా ఆగకుండానే చిన్న మాట ఒకటి అనేవాడు, సవరలో. మూడోసారికి ఆ మాట వినగానే మా కాళ్ళే జాగ్రత్తపడ్డాయి.

జీడితోటలు మొదలయ్యే చోట, వాళ్ళ ఊళ్ళో, రాత్రి 9 దాటాక గంజి తాగాం. డబ్బులిస్తే తీసుకోలేదు. కోవా పొట్లం మాత్రం పిల్లలకని పుచ్చుకున్నాడు.

తిరిగొచ్చాక రాగిరేకుల కథ మళ్ళీ తీశాను. కామార్ణవుడు కొండ దిగి ఓడించిన రాజు పేరు దగ్గర పాఠభేదం ఉంది. కొన్నిట్లో బాలాదిత్యుడు, కొన్నిట్లో శబరాదిత్యుడు. ఇన్నాళ్ళూ దాన్ని ఫుట్‌నోటు విషయంగా దాటేశాను. శబరాదిత్యుడే సరైన పాఠమైతే, దిగివచ్చినవాళ్ళు గెలిచింది సవరల రాజుని. అయిదుగురు పరదేశులు దారి తెలియని కొండ మీద నుంచి దిగారంటే, దారి ఎవరు చూపించి ఉంటారు? దీనికి శాసనంలో సాక్ష్యం లేదు, ఉందని నేననడం లేదు. కానీ గంజి తాగి వచ్చినవాడికి ఆ ‘దిగి’ ఇదివరకటంత తేలిగ్గా చదవబుద్ధి కాదు.

ఈ శాసనాలనీ ఈ మనుషులనీ రెండిటినీ చదవబోయినవాడు ఒకాయన ఉన్నాడు, గిడుగు రామమూర్తి. మనకి ఆయన వ్యావహారిక భాషోద్యమం ద్వారా తెలుసు. ఆగస్టు 29న దండలు వేస్తాం. 1880లో పర్లాకిమిడిలో మాస్టారుగా చేరి, ముఖలింగం శాసనాలు సొంతంగా చదివి, గంగుల కళింగనగరం ఆ ఊరేనని వాదించాడు. అక్కడితో ఆగలేదు. సవర వచ్చినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. కొండల్లో తిరిగాడు. మన్యం జ్వరం పట్టుకుంది. క్వినైను మింగితే జ్వరం తగ్గింది గానీ చెవులు పోయాయి. మాట ఎలా పలుకుతారో వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి! ఆయనా సరైన ఏర్పాట్లు లేకుండానే కొండెక్కాడు. అయితే మాలాగా ఒక్క రాత్రితో తిరిగి రాలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకి 75 ఏళ్ళు.

నేను పుట్టింది టెక్కలి దగ్గర. మా ఇంటి డాబా మీంచి ఈ కొండల వరస కనిపిస్తుంది. నాకు జావా వచ్చు, పైథాన్ వచ్చు, చైనా క్లయింటుకి వాళ్ళ భాషలో నమస్కారం పెట్టడం వచ్చు. సవరలో ఒక్క ముక్క రాదు. మా ఇంట్లో ఎవరికీ రాదు.

ఆ 1938 నిఘంటువు స్కాను సంపాదించి, ముసలాయన రాళ్ళ దగ్గర అన్న మాట కోసం రెండు ఆదివారాలు వెతికాను. రాయి, జాగ్రత్త, కిందికి, ఇటు. ఏదీ అదే అనిపించలేదు. సవరలో గొంతు దగ్గర పట్టి వదిలే ధ్వని ఒకటుంది. దాన్ని రాయడానికి గిడుగు ప్రత్యేకంగా గుర్తులు వాడాడు. నేను విన్న మాట చివర ఆ పట్టు ఉన్నట్టూ గుర్తే, లేనట్టూ గుర్తే. బావకి ఫోన్ చేసి అడిగితే ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా అన్నాడు.

శివరాత్రి జాతరకి మళ్ళీ వెళ్దామంటున్నాడు. ఈసారి ఆ ఊరి వైపు నుంచి ఎక్కుదామని, పొద్దున్నే బయల్దేరదామని చెప్పాను. టార్చి కొన్నాను.