లెక్క తండాకు వచ్చిన దారి

సర్కారును లెక్క అడిగే హక్కు మనకు ఒక్క రోజులో రాలేదు. వికారాబాద్, తాండూరు వైపు తండాల చరిత్రను కాగితం ఎవరి చేతిలో ఉండేదన్న ప్రశ్నతో చదివితే చాలా సంగతులు తెలుస్తాయి.

నిజాం పాలనలో సర్కారు భాష ఉర్దూ. ఊరి లెక్కలు పట్వారీ దగ్గర ఉండేవి. ఇంట్లో గోర్ బోలీ, అంగట్లో తెలుగు మాట్లాడే మన పెద్దలకు దస్త్రంలో తమ గురించి ఏం రాశారో చూసుకునే దారి లేదు. 1956 దాకా తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. తర్వాత తాండూరు హైదరాబాద్ జిల్లాలో, 1978 నుంచి రంగారెడ్డి జిల్లాలో కలిసింది. అయినా కలెక్టరు కార్యాలయం హైదరాబాద్ నగరంలోనే ఉండేది. అర్జీ ఇచ్చి రావాలంటే ఒక రోజు కూలీ పోయేది, చార్జీలు అదనం. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడ్డాకే ఆ దూరం తగ్గింది.

ఇంకో సంగతి మన యువతకు తెలియాలి. మనది ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు. 1996 నాటి పెసా చట్టం ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీ గ్రామసభలకు ఇచ్చిన అధికారాలు మన తండాలకు వర్తించవు. అందుకే మనకు సామాజిక తనిఖీ మరింత ముఖ్యమైంది.

దాని మూలం రాజస్థాన్‌లో ఉంది. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల సంఘం ఊరందరి ముందు పనుల లెక్కలు చదివించింది. రాని పనికి కూలీ రాసిన పేర్లు, జరగని పనికి పెట్టిన బిల్లులు అలాంటి సభల్లో బయటపడ్డాయి. ఆ పోరాటాల ఫలితంగానే 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం, 17వ సెక్షన్ కింద, పనులను తనిఖీ చేసే బాధ్యత గ్రామసభకు అప్పగించింది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తొలి విడత 200 జిల్లాల్లో మన రంగారెడ్డి కూడా ఒకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే తనిఖీలు మొదలుపెట్టి, 2009లో వాటి కోసం ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది.

తనిఖీ జరిగే తీరు సులువైనదే. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇస్తారు. వాళ్లు మస్టర్లు, కొలతల పుస్తకాలు తీసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ‘అక్కా, నీ పేరు మీద ఇన్ని రోజులు రాశారు. చేశావా? పైసలు అందాయా?’ అని అడుగుతారు. తవ్విన కుంటను టేపు పెట్టి కొలుస్తారు. గ్రామసభలో చదివి వినిపించాక, మండల కేంద్రంలో అధికారుల ముందు బహిరంగ విచారణ జరుగుతుంది.

చదువు రాని తల్లి కూడా అక్కడ సాక్షే. ఎందుకంటే తాను ఎన్ని రోజులు గడ్డపార పట్టిందో ఆమెకు తెలుసు.

ఇది మన దేశానికే పరిమితం కాదు. ఆఫ్రికాలోని ఉగాండాలో 1991 నుంచి 1995 వరకు సర్కారు బడుల ఖర్చులకు పంపిన నిధుల్లో సగటున 13 శాతమే బడికి చేరిందని ఒక సర్వేలో తేలింది. తర్వాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపిందో పత్రికల్లో ప్రకటించింది, బడుల దగ్గర నోటీసులు పెట్టించింది. కొన్నేళ్లలో నిధుల్లో ఎక్కువ భాగం బడికి చేరసాగింది. దానికి పర్యవేక్షణ వంటి ఇతర కారణాలూ ఉన్నాయి గానీ, తల్లిదండ్రులకు అంకె తెలియడం పెద్ద మార్పు.

అయితే తనిఖీ అన్నీ సరిచేయలేదు. తప్పు తేలిన సొమ్ములో కొంతే తిరిగి వసూలైంది. సభలో నోరు విప్పిన కూలీ మర్నాడు పని కోసం మళ్లీ అదే మేస్త్రీ ముందు నిలబడాలి. చాలా కాలం తండా పెద్ద ఊరి పంచాయతీలో ఒక మూలగా ఉండేది, గ్రామసభ ఊళ్లో జరిగేది. మన ఆడవాళ్లు చివర నిలబడి వినేవారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు పంచాయతీలయ్యాయి. ఇప్పుడు సభ మన గడప ముందే జరుగుతుంది. కానీ సర్పంచ్ మనవాడే, బంధువే. అన్న వరసయ్యేవాణ్ణి లెక్క అడగడం పరాయివాణ్ణి అడగడం కంటే కష్టం. అయినా అడగాలి.

ఉపాధ్యాయులుగా మేము చేయగలిగింది ఉంది. ఐదో తరగతి గుణకారాలకు జాబ్ కార్డునే పాఠంగా తీసుకోవచ్చు: రోజులు ఇన్ని, రోజు కూలీ ఇంత, రావలసింది ఎంత? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. వాళ్లకు బడి గ్రాంటు లెక్కను వాళ్ల భాషలో మేమే చదివి వినిపించాలి. ఇతరులను లెక్క అడగమని పిల్లలకు నేర్పే ముందు మన బడి లెక్క గోడ మీద రాసి ఉండాలి.