డిస్టెన్స్ టు ఎంప్టీ (వాహన సూచిక)

డిస్టెన్స్ టు ఎంప్టీ అనగా వాహనపు ట్యాంకులో మిగిలియున్న ఇంధనముతో ఇంకను ఎన్ని కిలోమీటర్లు ప్రయాణించవచ్చునో తెలుపు అంచనా సంఖ్య. నేటి కార్లలో ఇది స్పీడోమీటరు ప్రక్కనున్న చిన్న తెరపై కనిపించును. కొన్ని కంపెనీల వాహనాలలో దీనిని "రేంజి" అని వ్రాయుదురు. చూచువారికి ఇది పెట్రోలు ముల్లు వలెనే ఒక కొలతగా తోచును గాని, నిజమునకు ఇది సగము కొలత, సగము జోస్యము. మిగిలిన ఇంధనము ఎంత అన్నది కొలత. రాబోవు దారిలో బండి ఎంత మైలేజి ఇచ్చును అన్నది జోస్యము. ఈ రెండింటిలో ఏది ఎప్పుడు తప్పునో తెలిసినవారు ఆ సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చునో నిర్ణయించుకొనగలరు.

చరిత్ర

తొలినాటి కార్లలో ఇంధనపు మట్టమును తెలుపు సాధనము ఉండెడిది కాదు. ఫోర్డు మోడల్ టి కారును నడుపువారు ట్యాంకులో గుర్తులు పెట్టిన కర్రను ముంచి చూచుకొనెడివారు. తరువాతి కాలములో ముల్లు గల గేజీలు వచ్చినవి.

మోటారు సైకిళ్ళలో చాలాకాలము "రిజర్వు" కుళాయియే ఆధారము. ట్యాంకు లోపల పెట్రోలును గ్రహించు గొట్టములు రెండు ఎత్తులలో ఉండును. పై గొట్టమునకు పెట్రోలు అందనప్పుడు ఇంజను తడబడును. అప్పుడు కుళాయిని రిజర్వు వైపు త్రిప్పినచో క్రింది గొట్టము ద్వారా మిగిలిన ఒకటి, రెండు లీటర్లు దిగును. "బండి రిజర్వులో పడింది" అను మాట తెలుగునాట ఇప్పటికిని వాడుకలో ఉన్నది.

దూరమును అంకెలలో చూపు పద్ధతి అమెరికాలో 1970ల చివర మొదలైనది. 1978 మోడల్ లింకన్ కాంటినెంటల్ మార్క్ 5 కారులో "మైల్స్ టు ఎంప్టీ" అను అంకెల గేజీని అదనపు సదుపాయముగా అమ్మిరి. అదే సంవత్సరపు కాడిలాక్ సెవిల్ కారులో మైక్రోప్రాసెసర్‌తో పనిచేయు ట్రిప్ కంప్యూటరు లభించినది. ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షను వ్యాపించిన తరువాత ఈ సదుపాయము సాధారణ కార్లకు కూడ చేరినది. భారతదేశములో 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్-6 ఉద్గార ప్రమాణాలు అమలులోనికి వచ్చిన పిమ్మట ద్విచక్ర వాహనాలలో సైతము కార్బురేటరు స్థానమున ఇంజెక్షను స్థిరపడినది. దానితో రిజర్వు కుళాయి చాలవరకు కనుమరుగై, హెచ్చరిక దీపమో అంకెల తెరయో దాని స్థానమునకు వచ్చినది.

లెక్కించు విధానము

మూల సూత్రము చాల సులభమైనది:

ప్రయాణించగల దూరము = మిగిలిన ఇంధనము (లీటర్లు) × సగటు మైలేజి (లీటరుకు కి.మీ.)

మిగిలిన ఇంధనమును తెలిసికొనుటకు ట్యాంకులో ఒక ఫ్లోటు తేలుచుండును. అది ఒక కడ్డీకి అమర్చబడి, మట్టముతో పాటు లేచుచు దిగుచు నుండును. కడ్డీ కదలికను బట్టి ఒక విద్యుత్ నిరోధకపు విలువ మారును. ఆ విలువను కంప్యూటరు లీటర్లలోనికి మార్చుకొనును.

ఖర్చగు ఇంధనమును ఇంజెక్టర్ల ద్వారా లెక్కింతురు. ఇంజెక్టరు ఎన్ని మారులు, ఎంతసేపు తెరచుకొన్నదో ఇంజను కంప్యూటరుకు తెలియును. తెరచియున్న కాలమును బట్టి ఎంత ఇంధనము వెళ్ళినదో లెక్కగట్టి, చక్రాలు తిరిగిన దూరముతో పోల్చి మైలేజిని కనుగొనును. సగటును ఎన్ని కిలోమీటర్లపై తీయవలెను, ఇటీవలి ప్రయాణమునకు ఎంత ప్రాధాన్యము ఇవ్వవలెను అన్నది ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క విధముగా నిర్ణయించును. అందువలననే ఒకే దారిలో నడచిన రెండు కార్లలో ఒకదాని సంఖ్య నిలకడగాను, మరియొక దాని సంఖ్య ఎగుడుదిగుడుగాను ఉండవచ్చును.

కొలతలోని దోషములు

* ట్యాంకు ఆకారము: కారు ట్యాంకు సరియైన పెట్టె ఆకారములో ఉండదు. మట్టము ఒక అంగుళము తగ్గినప్పుడు పై భాగమున తగ్గు లీటర్లు, అడుగు భాగమున తగ్గు లీటర్లు సమానము కావు. కంపెనీ ఈ తేడాకు పట్టికను అమర్చినను, అడుగున కొంత దోషము మిగులును.
* వాలు, కుదుపు: వాలుపై నిలిపిన బండిలో ఇంధనము ఒక ప్రక్కకు చేరును. మలుపులలో అలలాడును. ముల్లు ఊగకుండుటకై కంప్యూటరు కొంతసేపటి సగటును తీసికొనును. కావున నిజమైన మార్పు కూడ ఆలస్యముగా కనిపించును.
* కొద్దిగా పోయించుట: ఒకటి, రెండు లీటర్లు మాత్రమే పోయించినప్పుడు కొన్ని కార్ల కంప్యూటర్లు దానిని కుదుపు వలన కలిగిన మార్పుగా భావించి లెక్కలోనికి తీసికొనవు.
* ఉష్ణోగ్రత: పెట్రోలు వేడికి వ్యాకోచించును. 40 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీల సెల్సియస్ వేడెక్కినచో సుమారు ముప్పాతిక లీటరు పెరిగినట్లు కనిపించును. కాని అందలి శక్తి పెరుగదు.
* నిరోధకము పాడగుట: 2004లో అమెరికాలోని ఫ్లోరిడా, లూసియానా రాష్ట్రాలలో గంధకపు మాలిన్యము కలిసిన పెట్రోలు వలన అనేక కార్ల గేజీలలోని వెండి స్పర్శకములు దెబ్బతిని తప్పుడు మట్టమును చూపినవి.
* టైర్ల అరుగుదల: అరిగిన టైరు చుట్టుకొలత తగ్గును. 8 మిల్లీమీటర్ల గాడి 2 మిల్లీమీటర్లకు చేరునప్పటికి, చక్రము ఒక చుట్టులో ముందుకు పోవు దూరము సుమారు రెండు శాతము తగ్గును. ఓడోమీటరు ఈ సంగతి నెరుగక ఎక్కువ దూరము నడచినట్లు లెక్కించును.

జోస్యములోని దోషములు

కంప్యూటరుకు గడచిన దారి తెలియును గాని రాబోవు దారి తెలియదు. రేపటి దారి నిన్నటి దారి వంటిదే అని భావించి లెక్క చెప్పును. అది మారినప్పుడెల్ల అంచనా తప్పును.

* వేగము: గాలి నిరోధము వేగపు వర్గమునకు అనులోమానుపాతములో పెరుగును. గంటకు 80 కి.మీ. నుండి 100 కి.మీ.కు పెంచినచో గాలి నిరోధము ఒకటిన్నర రెట్లకు పైగా అగును.
* నిలిచియుండుట: రద్దీలోను, టోల్ గేటు వద్దను నిలిచిన కారు ఇంజను గంటకు సుమారు అర లీటరు నుండి ఒక లీటరు వరకు త్రాగును. ఎ.సి. వేసినచో మరింత పెరుగును. దూరము మాత్రము సున్నా.
* బరువు, సామాను: నిండుగా ఎక్కిన మనుషులు, కప్పుపై కట్టిన సామాను, గాలి తగ్గిన టైర్లు మైలేజిని తగ్గించును.
* ఇంధనములోని మార్పు: లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉండగా ఇథనాలులో సుమారు 21 మెగాజౌళ్ళు మాత్రమే కలవు. భారతదేశములో 2022లో 10 శాతము, 2025లో 20 శాతము ఇథనాలు మిశ్రమమును సాధించిరి. పదిశాతపు మిశ్రమముతో పోల్చినచో ఇరువదిశాతపు మిశ్రమములో లీటరుకు శక్తి మూడున్నర శాతము తక్కువ. కంప్యూటరు దీనిని ముందుగా ఎరుగకపోయినను, కొంత దూరము నడచిన పిదప మైలేజి తగ్గుటను బట్టి సంఖ్యను తానే సవరించుకొనును.

ఘాట్ రోడ్డు ఉదాహరణ

తిరుపతి నుండి తిరుమలకు కారులో వెళ్ళువారు ఈ అంచనా ఎట్లు మారునో స్పష్టముగా చూడవచ్చును. మనుషులతో కలిపి 1,300 కిలోల బరువు గల కారు సుమారు 700 మీటర్లు పైకి ఎక్కవలెననిన దాదాపు 9 మెగాజౌళ్ళ పని చేయవలెను. లీటరు పెట్రోలులోని 32 మెగాజౌళ్ళలో నాలుగవ వంతు మాత్రమే చక్రాలకు చేరుననుకొన్నచో, కేవలము ఎత్తు ఎక్కుటకే ఒక లీటరుకు పైగా ఖర్చగును. సమతలముపై లీటరుకు 16 కి.మీ. ఇచ్చు బండి ఇదే పదునెనిమిది కిలోమీటర్ల దూరమునకు 1.1 లీటర్లు మాత్రమే త్రాగును. అనగా ఎక్కునప్పుడు ఖర్చు దాదాపు రెట్టింపగును.

కొండ క్రింద 20 లీటర్ల పెట్రోలుతో 320 కి.మీ. చూపిన కారులో, పైకి చేరునప్పటికి సుమారు 18 లీటర్లు ఉండును. అయినను సగటు మైలేజి 12కు పడిపోయినచో తెరపై 216 కి.మీ. మాత్రమే కనిపించును. అనగా రెండు లీటర్ల ఖర్చుకు నూరు కిలోమీటర్లకు పైగా తగ్గినట్లు తోచును. ఇది చూచి కంగారుపడనక్కరలేదు. దిగునప్పుడు గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలినచో ఇంజెక్టర్లు ఇంధనమును ఆపివేయును. పెట్రోలు పెరుగకున్నను తెరపై సంఖ్య పెరుగుచు పోవును. ఆ పెరిగిన సంఖ్య కూడ అంతే నమ్మదగనిది. సమతలము చేరి కొంత దూరము నడచిన తరువాత గాని అది స్థిరపడదు. పొదుపు కొరకు న్యూట్రల్‌లో దిగుట తగదు. అప్పుడు ఇంజను తిరుగుటకు ఇంధనము కావలెను, పైగా భారమంతయు బ్రేకులపై పడి అవి వేడెక్కును.

ఖచ్చితత్వము

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2021లో ప్రకటించిన పరీక్షలలో కార్లు తెరపై చూపిన మైలేజికి, నిజముగా కొలిచిన మైలేజికి మధ్య దోషము సగటున 2.3 శాతము ఉన్నట్లు తేలినది. ఒక కారులో మాత్రము అది 6.4 శాతము వరకు ఉన్నది. అనగా గడచిన దూరపు లెక్క చాలవరకు సరియైనదే. చిక్కంతయు దానిని ముందటి దారికి వర్తింపజేయుటలో కలదు.

దోషము ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒక విధముగాను, ఖాళీ కాబోవునప్పుడు మరియొక విధముగాను ఉండును. 40 లీటర్ల ట్యాంకు, లీటరుకు 16 కి.మీ. అంచనా గల కారును తీసికొందము.

* ట్యాంకు నిండినప్పుడు తెరపై 640 కి.మీ. కనిపించును. నిజమైన మైలేజి 13 అయినచో 520 కి.మీ. మాత్రమే వచ్చును. తేడా 120 కి.మీ. అయినను ప్రమాదము లేదు. దారిలో సంఖ్య తానే సరియగును, పెట్రోలు బంకులును అనేకము తగులును. ఇచ్చట కొలతలో ఒక లీటరు తేడా రెండున్నర శాతము మాత్రమే.
* నాలుగు లీటర్లు మిగిలినప్పుడు తెరపై 64 కి.మీ. కనిపించును. కొలతలో అదే ఒక లీటరు తేడా ఇప్పుడు నాలుగవ వంతు. నిజముగా ఉన్నది 3 లీటర్లు, మైలేజి 13 అయినచో రాగలది 39 కి.మీ. మాత్రమే.

మొదటి తేడా పెద్దది గాని హానికరము కాదు. రెండవ తేడా కేవలము 25 కి.మీ. అయినను బండిని దారిలో నిలుపగలదు. అవసరము ఎక్కువైన కొలది నమ్మకము తగ్గు సంఖ్య ఇది. అందుచేత కంపెనీలు సాధారణముగా కొంత ఇంధనమును లెక్కలో చేర్చక వెనుక ఉంచును. కొన్ని కార్లలో చివరి కొన్ని పదుల కిలోమీటర్లు వచ్చునప్పటికి అంకెలు మాయమై గీతలు మాత్రమే కనిపించును.

సున్నా చూపిన తరువాత

సున్నా కనిపించిన తరువాత కూడ పెక్కు కార్లు కొంత దూరము నడచును. కాని ఆ దూరము ఇంత అని అన్ని కార్లకు ఒకే నియమము లేదు. దానిని పరీక్షించుట మంచిది కాదు. ఇంధన పంపు ట్యాంకులోనే మునిగి, ఇంధనము వలననే చల్లబడును. అది ఎండినచో వేడెక్కి పాడగును. డీజిలు బండి పూర్తిగా ఎండినచో గొట్టములలోనికి గాలి చేరును. చాల బండ్లలో డీజిలు పోసిన వెంటనే ఇంజను స్టార్టు కాదు. గాలిని బయటకు తీయవలసియుండును.

అన్నింటికంటె ముఖ్యమైనది ప్రాణభద్రత. నడచుచుండగా ఇంజను ఆగినచో స్టీరింగు బరువెక్కును, బ్రేకు సహాయము ఒకటి, రెండు తొక్కుళ్ళ తరువాత తగ్గును. రాత్రివేళ జాతీయ రహదారిపై నిలిచిపోయిన బండిని వెనుకనుండి వచ్చు లారీ గ్రహింపలేక ఢీకొను ప్రమాదము కలదు. జర్మనీలో ఆటోబాన్ రహదారులపై బండి నిలుపుట నిషిద్ధము. చూచుకొనవలసిన ఇంధనము అయిపోయి నిలుపుట నేరముగానే పరిగణింపబడును. భారతదేశపు జాతీయ రహదారులపై సహాయమునకు 1033 నంబరుకు ఫోను చేయవచ్చును. హెచ్చరిక దీపము వెలిగినప్పుడే తరువాతి బంకులో ఇంధనము పోయించుట శ్రేయస్కరము.

స్వయముగా సరిచూచుకొను పద్ధతి

1. బంకులో గన్ తానే ఆగువరకు ట్యాంకు నింపి, ట్రిప్ మీటరును సున్నా చేయవలెను.
2. మామూలుగా నడిపి, ట్యాంకు సగమునకు పైగా ఖర్చయిన తరువాత వీలైనచో అదే బంకులో, అదే విధముగా తిరిగి నింపవలెను.
3. నడచిన దూరమును రెండవమారు పట్టిన లీటర్లతో భాగింపవలెను. ఉదాహరణకు 412 కి.మీ.కు 24.6 లీటర్లు పట్టినచో మైలేజి 16.7.
4. ఇట్లు మూడు, నాలుగు మారులు చేసి సగటు తీసి, తెరపై చూపిన మైలేజితో పోల్చవలెను.

పై ఉదాహరణలో తెర 18 చూపుచున్నచో అది సుమారు ఏడు శాతము ఎక్కువ చెప్పుచున్నదన్నమాట. ఆ మేరకు దూరపు సంఖ్యను తగ్గించి చదువుకొనవలెను.

విద్యుత్ వాహనాలలో

విద్యుత్ వాహనాలలో లీటర్లకు బదులు బ్యాటరీలో మిగిలిన విద్యుత్తును లెక్కింతురు. సూత్రము అదే. కాని బ్యాటరీలో ఫ్లోటు వేసి చూచుటకు వీలులేదు. వచ్చిపోయిన విద్యుత్తు, వోల్టేజిని బట్టి ఊహింపవలసినదే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలలో వోల్టేజి చాలసేపు దాదాపు ఒకే తీరున ఉండును గావున ఈ ఊహ మరింత కష్టము. చలి, ఎ.సి., వేగము ప్రభావము కూడ అధికము. ఆంగ్లము మాట్లాడు వాహనదారులు ఈ సూచికను హాస్యముగా "గెస్-ఓ-మీటర్" అందురు. ఛార్జింగు కేంద్రాలు పెట్రోలు బంకులంత దగ్గర దగ్గరగా లేని దారులలో విద్యుత్ వాహనమునకు మరికొంత ఎక్కువ నిల్వ ఉంచుకొనుట అవసరము.

ఇవి కూడా చూడండి

* ఓడోమీటరు
* ఇంధన ఇంజెక్షను
* ఇథనాలు
* విద్యుత్ వాహనము