పొట్లములోని బలము



మొన్న సంక్రాంతికి నేను మా గ్రామమున నుండగా, కూలిపనికి పోవు నొక తల్లి నాలుగేండ్ల బిడ్డను చంకనెత్తుకొని మా యరుగు కడకు వచ్చెను. ఆమె చేతిలో తళతళలాడు పొట్లమొకటి యున్నది. అందులో మాంసకృత్తులు మెండుగా నున్నవనియు, దినమున కొకటి తినిపించినచో బిడ్డ కండపట్టుననియు పట్టణపు టంగడివాడు చెప్పెనట. దాని వెల యామె కూలిలో సగము. "తాతగారూ, ఇది రోజూ కొనమంటారా, వద్దంటారా?" అని యామె యడిగెను. నేను వెంటనే బదులు చెప్పజాలక, మరునాడు రమ్మంటిని. ఆ రాత్రి నేను జ్ఞప్తికి దెచ్చుకొన్న చరిత్రమునే నేడు మీకు మనవి చేయుచున్నాను.

1838వ సంవత్సరమున ముల్డరు అను హాలండు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు, గ్రుడ్డు, రక్తము, ధాన్యము మున్నగు వానిలో నుండు నత్రజనితో గూడిన పదార్థమునకు "ప్రోటీను" అని పేరిడెను. ప్రథమ స్థానము గలదని యాగ్రీకు పేరునకు భావము. మనవారు దానిని మాంసకృత్తులనిరి. మాంసమును చేయునవి యని యర్థము. రెండును గొప్ప పేర్లే. కాని గొప్ప పేరు వెంట గొప్ప భ్రమయు నొకటి బయలుదేరినది.

ఆ భ్రమకు బలము చేకూర్చినవాడు జర్మను పండితుడగు లీబిగు. మనుష్యుడు పని చేయునప్పుడు కండలోని మాంసకృత్తులే కరిగి శక్తి యగుననియు, కావున కష్టించువాడు వానినే విశేషముగా భుజింపవలెననియు 1842లో నాయన వ్రాసెను. 1865లో నాయన పేరిట నొక వర్తక సంఘ మేర్పడి, దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమున పశుమాంసమును ఉడికించి, దాని సారమును డబ్బాలలో నింపి లోకమంతట విక్రయించెను. ఒక కిలో సారమునకు ముప్పది కిలోలకు పైగా మాంసము కావలసియుండెను. మాంసములోని బలమంతయు నందే యున్నదని జనులు నమ్మిరి. తీరా పరిశోధకులు పరీక్షింపగా, మాంసకృత్తులలో ముఖ్యభాగమును, క్రొవ్వును తీసివేయబడి, రుచి మాత్రమే మిక్కిలిగా మిగిలినట్లు తేలినది. డబ్బాలో నమ్మిన బలము కొరకు జనులు చెల్లించిన వెల యది.

ఆ 1865లోనే జూరిచ్ నగరపు ఆచార్యులు ఫిక్, విస్లిసీనస్ అనువారు లీబిగు మతమును తమ దేహముల మీదనే పరీక్షింప బూనిరి. స్విట్జర్లండులోని ఫాల్‌హార్న్ అను కొండను సుమారు 2000 మీటర్ల యెత్తు ఎక్కిరి. ముందునాటి నుండియు మాంసకృత్తులు లేని యాహారమే తినిరి: క్రొవ్వులో వేచిన గంజిపిండి రొట్టెలు, పంచదార వేసిన తేనీరు. తమ మూత్రములోని నత్రజనిని కొలిచి, దేహమున నెన్ని మాంసకృత్తులు కరిగెనో గణించిరి. అంత పనికి వలసిన శక్తి యందుండి వచ్చుటకు వీలులేదని తేలినది. కండ బండి వంటిది. దానిని నడపు నింధనము గంజిపదార్థమును, క్రొవ్వును. మాంసకృత్తులు బండిని కట్టుటకును, బాగుచేయుటకును ముఖ్యముగా వలయును.

అయినను పాతనమ్మకము పోలేదు. మరల నిరువదవ శతాబ్దమున నది వేరొక రూపమున తల యెత్తెను. 1933లో సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు ఆఫ్రికాలోని గోల్డుకోస్టున బిడ్డల వ్యాధి నొకదానిని వర్ణించెను. తమ్ముడో చెల్లెలో పుట్టగానే పాలు మానిన బిడ్డకు కాళ్లు వాచి, వెండ్రుకలు రంగు మారును. ఆ దేశపు మాటతోనే దానికి "క్వాషియోర్కర్" అను పేరు 1935లో వాడుకకు వచ్చినది. ఇది మాంసకృత్తుల లోపమువలన వచ్చునని చాలమంది తలచిరి. అంతట లోకమంతట మాంసకృత్తుల పిండ్లు తయారు చేయు నుత్సాహము పుట్టెను. మన దేశమున మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధనాలయమువారు నూనె తీసిన వేరుసెనగ పిండిని సెనగపిండితో కలిపి, విటమినులు చేర్చి, బహుప్రయోజన ఆహారమను పేరిట తయారుచేసిరి. 1968లో ఐక్యరాజ్యసమితియే మాంసకృత్తుల కాటకము రానున్నదని హెచ్చరించెను.

ఇక్కడ మన తెలుగు నేల ప్రసక్తి వచ్చుచున్నది. కూనూరున నుండిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను. అచటి డాక్టరు గోపాలన్‌గారును వారి సహచరులును బీదబిడ్డల భోజనమును కనిపెట్టి చూడగా, కాళ్లు వాచిన బిడ్డలును, ఎండి చిక్కిన బిడ్డలును తినుచుండిన తిండిలో మాంసకృత్తుల పాలు వేరుగా కానరాలేదు. పిమ్మట హైదరాబాదు చుట్టుపట్ల గ్రామములలో చిన్నబిడ్డలకు దినమునకు సుమారు 300 కెలోరీల శక్తియు, కేవలము 3 గ్రాముల మాంసకృత్తులును ఇచ్చు చిరుతిండిని పదునాలుగు మాసములు పెట్టిరి. ఆ బిడ్డలు తక్కినవారికంటె ఎత్తునను, బరువునను మిక్కిలి పెరిగిరి. ఆ ఫలితములు 1973లో ప్రకటింపబడినవి. మరుసటి యేట మాక్‌లారెన్ అను వైద్యుడు ఆ లోకవ్యాప్తమైన పాతనమ్మకమును ఒక మహాపరాజయమని నిందించెను.

దీని మర్మ మేమి? పొయ్యిలో కట్టె లేనివాడు ఇంటి దూలమును విరిచి మంట పెట్టుకొన్నట్లు, కడుపు నిండని దేహము తాను తిన్న మాంసకృత్తులనే యింధనముగా కాల్చివేయును. ముందు కడుపు నిండవలెను. అప్పుడే మాంసకృత్తులు తమ పనిని చేయగలవు. ఇంతమాత్రమున నవి యక్కరలేదని కాదు. ఒట్టి గంజితో బిడ్డ పెరుగదు. ధాన్యములో కొరవడిన దానిని పప్పు పూరించును. పప్పులో కొరవడిన దానిని ధాన్యము పూరించును. పప్పన్నమున కున్న గౌరవము రుచి వలననే వచ్చినది కాదు.

ఈ సత్యము నెరిగియే ఆ సంస్థవారు "హైదరాబాదు మిశ్రమము" అను పిండి నేర్పరచిరి. వేచిన గోధుమలు 40 గ్రాములు, సెనగలు 16, వేరుసెనగపప్పు 10, బెల్లము 20. ఈ 86 గ్రాములలో 330 కెలోరీలును, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులును గలవు. నాలుగేండ్ల బిడ్డకు దినమునకు కావలసిన మాంసకృత్తులు సుమారు 16 గ్రాములు మాత్రమే. ఇందులో మన యింటి కటుకలో దొరకని వస్తు వేదియు లేదు.

పట్టణపు పొట్లము లన్నియు మోసమని నేననను. పాలనుండియో, సోయానుండియో వేరుచేసిన మాంసకృత్తులు వానిలో నిజముగనే యుండును. ప్రయాణమున నున్నవారికిని, వైద్యుడు చెప్పిన రోగికిని ఉపయోగింపవచ్చును. కాని కొనువారు పొట్లము వెనుకభాగమును చదువవలెను. సరకులను ఎక్కువ బరువు గలదానిని ముందుగా వ్రాయవలెనని మన దేశపు నిబంధన. అచట మొదట పంచదార పేరున్నచో, ముందరి యక్షరములు ఎంత పెద్దవైనను ప్రయోజనము లేదు. నూరు గ్రాముల వేరుసెనగపప్పులో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు గలవు. దానిపై మెరుగు కాగితము మాత్రము లేదు.

మరునా డామె వచ్చినది. "అమ్మా, ఆ పొట్లములో విష మేమియు లేదు. కాని ఆ డబ్బుతో సెనగలు, వేరుసెనగపప్పు, బెల్లము కొనుము. బూజు పట్టిన గింజను పారవేయుము. గోధుమలతో వేచి విసరి డబ్బాలో పెట్టుకొనుము. అన్నములో పప్పును, నూనెచుక్కను మరువకుము. అంగన్వాడీలో బిడ్డను తూకము వేయింపుము. రెండు నెలలలో బరువు పెరుగకున్నను, నీరసించినను, వైద్యునికి చూపుము" అని చెప్పితిని.

ఆమె పొట్లమును చూచి, "మరి దీని నేమి చేయమంటారు?" అనెను. "కొన్నదానిని పారవేయకుము, నేడు బిడ్డకు పెట్టుము. రేపటి కూలిని మాత్రము దానికి సమర్పింపకుము" అంటిని.

గ్రామ పెద్దలారా, మీ యరుగులకడకును ఇట్టి తల్లులు వత్తురు. వారి ప్రశ్న చిన్నదే. వారి చేతిలోని కూలియు చిన్నదే. బదులు చెప్పవలసినవారు మీరే.