సహాధ్యాయ మూల్యాంకనం

తోటివారి పనిని విద్యార్థులే చూసి మార్కులు వేసే పద్ధతి ఇది. వేలమంది చేరే ఆన్‌లైన్ కోర్సులతోనే పుట్టిందనుకోవడం పొరపాటు. తెలుగులో ఓనమాలూ దిద్దుతాం, పేపర్లూ దిద్దుతాం. వీధిబడిలో ఆ రెండు దిద్దుళ్లూ కలిసే సాగేవి. గవర్నరు మన్రో 1822లో మద్రాసు రాజధానిలోని బడుల లెక్క తీయించాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు కనిపిస్తారు. చిన్నవాళ్లు ఇసుకలో వేలితో అక్షరాలు రాసేవారు, వారికి పెద్దపిల్లలు చెప్పేవారు. చెప్పేవారి చదువు కూడా దీనితో గట్టిపడుతుందని ఆయన మెచ్చుకున్నాడు. ఆ బడుల్లోనే పిల్లలు అర్థం తెలియని పద్యాలు వల్లెవేస్తున్నారనీ బాధపడ్డాడు. ఈ రెండు మాటలకూ పొంతన ఉంది. ఇసుకలో ఒత్తు తప్పితే పెద్దపిల్లవాడి కంటికి ఇట్టే తెలుస్తుంది. పద్యం అర్థమైందో లేదో తేల్చడానికి అతని చేతిలో ఏ కొలతా లేదు. తోటివారి దిద్దుబాటు ఎంత నమ్మదగినదో ఆ కొలతే నిర్ణయిస్తుంది.

ఆన్‌లైన్ కోర్సుల అనుభవమూ ఇదే చెబుతుంది. 2012లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు స్కాట్ క్లెమర్ కోర్సెరాలో నడిపిన డిజైన్ కోర్సులో, విద్యార్థులు ముందు నమూనాలు దిద్ది చెయ్యి కుదుర్చుకున్నాకే తోటివారి పని చూసేవారు. అస్పష్టంగా ఉన్న ప్రమాణాలను తిరగరాశాక, రెండో విడతలో 42.9 శాతం మంది మార్కులు బోధకుల మార్కులకు 5 శాతం తేడాలోపే వచ్చాయి. మిగతావారి సంగతేమిటన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే ఒక్కరి మాట మీద ఆధారపడకుండా పలువురి మార్కుల్లో నడిమిది తీసుకోవాలి, తేడా ఎక్కువైన చోట బోధకుడు మళ్లీ చూడాలి. మొత్తం బోధకులే దిద్దాలంటే అన్ని వేల పేపర్లకు చేతులు చాలవు. పైగా దిద్దేవాడికి దక్కే చదువు పోతుంది.

అంతకన్నా బరువైన అభ్యంతరం పక్షపాతం. ఆ కోర్సులోనే విద్యార్థులు సొంత దేశం వారికి 3.6 శాతం ఎక్కువ వేశారు. భద్రాచలం ప్రాంతంలోని దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో ఇంట్లో కోయ భాష, బడిలో తెలుగు, కోర్సులో ఇంగ్లీషుతో నెట్టుకొచ్చే విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. ముక్కూమొహం తెలియని దిద్దేవాడి కంట అతని ఆలోచన కన్నా వాక్యంలోని తప్పే ముందు పడుతుంది. పేర్లు, ఊర్లు దాచడం కొంత మేలు. భాషకూ విషయానికీ మార్కులు విడదీసి, విషయానికి ఏమేం ఉండాలో తెలుగులోనూ రాసిపెడితే, ఇసుకలో ఒత్తులాగా ఆ ఆలోచన కూడా దిద్దేవాడి కంటబడుతుంది.