స్టీలు రకాలు: బలం వేరు, మన్నిక వేరు

చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా బజార్లలో పెండ్లి సామాను కొనే కుటుంబాలకు అంగడివారు సాధారణంగా చూపే పరీక్ష అయస్కాంతం. అది అంటకపోతే మేలురకమని, అంటితే నాసిరకమని చెబుతారు. ఈ మాటలో సగమే నిజం. మిగిలిన సగం తెలియక, తరం పాటు ఉంటుందనుకున్న బిందె మీద రెండు మూడేండ్లకే ఎర్రని మచ్చలు చూసిన ఇండ్లు తక్కువేమీ కావు.

ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే దాని పైన కంటికి కనిపించని పలుచని పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. అదే స్టెయిన్‌లెస్ స్టీలు. వంటపాత్రలకు పేరుపడిన 304 రకంలో క్రోమియం సుమారు 18 శాతం, నికెలు 8 శాతం ఉంటాయి. నికెలు ఖరీదైన లోహం. 1950ల తొలినాళ్లలో, కొరియా యుద్ధకాలంలో, దానికి కొరత ఏర్పడినప్పుడు అమెరికాలో నికెలు తగ్గించి మాంగనీసు, నత్రజని కలిపిన 200 వరుస రకాలు వ్యాప్తిలోకి వచ్చాయి. ఈ మాంగనీసు మన జిల్లాకు కొత్తది కాదు. చంద్రపూర్‌లోని మహారాష్ట్ర ఎలక్ట్రోస్మెల్ట్ కర్మాగారం (2011లో సెయిల్‌లో విలీనమై ఫెర్రో అల్లాయ్ ప్లాంటుగా మారింది) తయారుచేసేది ఫెర్రో మాంగనీసు, సిలికో మాంగనీసులనే.

ఇక బలం విషయం. స్టీలు పట్టీని యంత్రంలో బిగించి లాగుతారు. ఏ బరువు దాటితే అది తిరిగి మొదటి రూపానికి రాదో అది వంగుబలం. తెగేలోగా ఓర్చుకొనే గరిష్ఠ బరువు తన్యబలం. తెగేలోగా ఎంత శాతం సాగిందో అది సాగుదల. అమెరికా ఏఎస్‌టీఎం ప్రమాణం ప్రకారం 304కు కనీస వంగుబలం 205, తన్యబలం 515 మెగాపాస్కల్‌లు, సాగుదల 40 శాతం. సులువుగా చెప్పాలంటే, ఒక చదరపు మిల్లీమీటరు మందపు తీగ సుమారు 21 కిలోల వరకు వంకరపోదు, 52 కిలోల దాకా తెగదు. 202 రకానికి ఇవే అంకెలు 260, 620. సాగుదల మాత్రం అదే 40. అంటే చవకైన 202, ఖరీదైన 304 కంటే బలమైనది!

ఆశ్చర్యపడనక్కరలేదు. బలం తుప్పును ఆపదు. నికెలు బాగా తగ్గించినప్పుడు లోహపు అల్లిక చెడకుండా క్రోమియాన్ని కూడా తగ్గించవలసి వస్తుంది. మన బజారులో దొరికే కొన్ని చవక రకాలలో నికెలు ఒక శాతానికి, క్రోమియం 15 శాతం దరికి దిగిపోయాయి. ఉప్పు, చింతపండు పులుసు నిలువ ఉండే పాత్రలో ఆ తేడా బయటపడుతుంది. ఇందుకు ఎదురు ఉదాహరణ 316. దాని కనీస బలం అంకెలు 304వే. అదనపు ధర అందులోని రెండు మూడు శాతం మాలిబ్డినానికి, అనగా ఉప్పును తట్టుకొనే గుణానికి.

అయస్కాంతం 304కూ అంటదు, 202కూ అంటదు. కనుక ఈ రెంటినీ అది వేరుచేయలేదు. పైగా మంచి 304 పాత్ర కూడా వంచిన అంచుల వద్ద కొద్దిగా లాగవచ్చు. 430 రకానికి మాత్రం గట్టిగా అంటుతుంది. అందులో నికెలు దాదాపు ఉండదు, క్రోమియం 16 నుంచి 18 శాతం. తన్యబలం 450, సాగుదల 22 శాతమే గనుక లోతైన బిందెలు సాగదీయడానికి అనువు కాదు. మూతలకు, పళ్లేలకు చక్కగా సరిపోతుంది. ఇండక్షన్ పొయ్యి మీది గిన్నెకు అడుగున ఇటువంటి స్టీలే కావాలి.

కత్తుల సంగతి వేరు. 420 రకాన్ని ఎర్రగా కాల్చి చల్లార్చితే పదును నిలిచేంత గట్టిపడుతుంది. 304ను ఎంత కాల్చినా అలా గట్టిపడదు.

సొట్టలకు రకం కంటే మందం ముఖ్యం. ఈ రకాలన్నిటి బిరుసు ఇంచుమించు ఒకటే. రేకు మందం రెట్టింపైతే వంపును ఎదిరించే బిరుసు ఎనిమిది రెట్లవుతుంది. గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలుచన అని గుర్తుంచుకోవాలి.

స్టీలు పాత్రలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 14756. ఐఎస్‌ఐ గుర్తును తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. గుర్తు లేని పాత సరుకైతే బిల్లు మీద రకం అంకె రాయించుకోవచ్చు. పాత స్టీలు కొనే వర్తకుల దగ్గర చిన్న బ్యాటరీతో వాడే పరీక్ష ద్రవం ఉంటుంది. ఒక చుక్క వేసినప్పుడు ఎర్రబడితే ఆ స్టీలులో మాంగనీసు ఎక్కువ.